ఇంజనుదేముంది, ముందు రేకు చూడండి
(పాత కార్లపై సందేహాలు – సమాధానాలు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ‘ఎంతకు కొనొచ్చు?’ అని అడిగినవే. ఇక్కడ రేట్లు చెప్పను. ఒకే సంవత్సరం, ఒకే రంగు అంబాసిడర్లు రెండు పక్కపక్కనే నిలబెడితే ఒకదాని ధర రెండోదానికి మూడు రెట్లు ఉండొచ్చు, రెండు ధరలూ న్యాయమే కావచ్చు. ఆ తేడా ఎక్కడుందో కనిపెట్టడం వస్తే బేరం మీరే ఆడుకోగలరు. మిగతా ఉత్తరాల్లోంచి కొన్ని.

రిటైరయ్యాను. పాత కారు కొనుక్కోవాలని చిన్నప్పటి కోరిక. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, కాంటెస్సా మూడూ మా చుట్టుపక్కలే అమ్మకానికి ఉన్నాయి. నాకు మెకానిజం తెలియదు. ఏది తీసుకోమంటారు? ఇంజన్ కండిషన్ ఎలా చూడాలి?
— విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

మెకానిజం తెలియదన్నారు కాబట్టి అంబాసిడరే తీసుకోండి. బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివర మొదలుపెట్టి 2014 మే దాకా తయారుచేశారు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ దాని మూలం. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా అని పేర్లు మారాయి, గ్రిల్లూ లైట్లూ మారాయి. పెట్రోలు బండి గుండె మాత్రం చాలాకాలం 1489 సీసీ ఇంజనే. 1990లలో ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్ వచ్చింది. అన్నేళ్లు మారకుండా ఉండడం కంపెనీకి శాపమైంది గానీ మీకు వరం. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగితే ఏదో ఒక షాపులో పార్టు దొరుకుతుంది. అక్కడ లేకపోతే చెన్నై పుదుప్పేట, అక్కడా లేకపోతే కోల్‌కతా మల్లిక్ బజార్. ఏ ఊళ్లోనైనా అంబాసిడర్ మీద చెయ్యి తిరిగిన పెద్ద మేస్త్రీ ఒకరు ఇంకా మిగిలే ఉంటారు. బండి కంటే ముందు ఆయన్ని వెతుక్కోండి.

పద్మిని నడపడానికి మాత్రం అంబాసిడర్ కంటే సరదా. ఇటలీ ఫియట్ 1100 డిలైట్ బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వారి చేతుల్లో 1964లో మొదలై, 1974 నుంచి పద్మిని అయింది. 1089 సీసీ ఇంజన్, తేలిక బండి, సందుల్లో చకచకా తిరుగుతుంది. స్టీరింగ్ పక్కనుండే హ్యాండ్ గేరు అలవాటైతే ఇక వేరేది వద్దంటారు. ముంబయిలో నలుపు పసుపు టాక్సీగా ఆఖరి పద్మిని 2023 అక్టోబరు చివర రోడ్డు దిగిపోయింది. టాక్సీల కోసం బతికిన స్పేర్ పార్టుల వ్యాపారం ఇక ఎంతకాలం నడుస్తుందన్నదే నా బెంగ. మీరు ఆరడుగుల మనిషైతే మోకాళ్లు స్టీరింగ్‌కు తగులుతాయేమో కూర్చుని చూసుకోండి.

కాంటెస్సా జోలికి మొదటి బండిగా వెళ్లొద్దు. 1984 నుంచి 2002 దాకా వచ్చింది, బాడీ వాక్స్‌హాల్ విక్టర్‌ది. మొదట్లో అంత పెద్ద బాడీకి అంబాసిడర్ 1.5 ఇంజనే పెట్టారు. ఎత్తు ఎక్కేటప్పుడు దాని అవస్థ చూడలేం. తర్వాత వచ్చిన ఇసుజు 1.8, అయిదు గేర్ల కాంటెస్సా క్లాసిక్ మాత్రం హైవే మీద ఇప్పటికీ దర్జాగా పోతుంది. చిక్కంతా అద్దాలూ, వాటి చుట్టూ రబ్బర్లూ, వెనక లైట్లతోనే. ఒక టెయిల్‌లైట్ పగిలితే దాని జత కోసం నెలల తరబడి ఫోన్లు చేయాలి.

ఇక మీ రెండో ప్రశ్న. ఇంజన్ చివర్న చూడండి. అందరూ ముందు బానెట్ ఎత్తుతారు, అమ్మేవాడికి కావలసిందీ అదే. అంబాసిడర్ ఇంజన్ ఎంత అరిగినా బోర్ చేయించి, ఓవర్‌సైజు పిస్టన్లు వేయించి, క్రాంక్ గ్రైండింగ్ చేయిస్తే మళ్లీ బతుకుతుంది. ఆ పని చేసే లేత్ షాపులు మీ ఊళ్లోనే ఉన్నాయి. తుప్పు అలా కాదు. అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. కింద రేకు పోయిందంటే బండి ఎముక పోయినట్టే.

ఎలా చూడాలంటే: ఫ్రిజ్ మీద అంటించే చిన్న అయస్కాంతం ఒకటి, దానికి చుట్టడానికి పల్చటి బట్ట ఒకటి జేబులో వేసుకెళ్లండి. తలుపుల కింద అంచు, నాలుగు చక్రాల పైనున్న వంపులు, హెడ్‌లైట్ల చుట్టూ, డిక్కీ అడుగు వెంట దాన్ని నెమ్మదిగా జరపండి. అతుక్కుంటూ వచ్చి ఒక్కచోట జారిపోయిందంటే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. తర్వాత నేల మీద మ్యాట్లు ఎత్తమనండి. అమ్మేవాడు “అంటించేశాం సార్, రావు” అంటే అక్కడే అనుమానించండి. ఆఖరుది ముఖ్యం: ఒక పక్క జాకీ పెట్టి చక్రం కాస్త లేపి, అదే పక్క తలుపు తెరిచి వేసి చూడండి. మామూలుగా పడిందా సరే. పట్టేసినా, వేయడానికి భుజంతో నెట్టాల్సి వచ్చినా తలుపు కింది దూలం పుచ్చిపోయింది. నమస్కారం పెట్టి వచ్చేయండి. కొత్త పెయింటు తళతళలాడే బండి కంటే రంగు వెలిసినా సొంత రేకుతో ఉన్న బండికి నేను ఎక్కువిస్తాను.

ఇవన్నీ అయ్యాక ఇంజన్. మీరు వెళ్లేసరికి అది చల్లగా ఉండాలి. బానెట్ మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా ఉంటే పొద్దున్నే తంటాలుపడి స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, ఇంకోరోజు వస్తానని చెప్పండి. స్టార్టయ్యాక నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ తాగుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తే హెడ్ గాస్కెట్ అనుమానం. ఆయిల్ పోసే మూత విప్పితే లోపల పాలు ఎక్కువైన టీ రంగులో నురగ కనిపించినా అంతే, నీళ్లు కలుస్తున్నాయి. రెండో గేరులో ఎత్తు ఎక్కించి ఒక్కసారి యాక్సిలరేటర్ వదలండి. గేరు తన్నేసి న్యూట్రల్‌లోకి వస్తే గేర్‌బాక్స్ పని ఉంది. ఇవేవీ బండిని వద్దనడానికి కారణాలు కావు, ధర తగ్గించడానికి కారణాలు.

మా బాపు 1983లో కొన్న అంబాసిడర్ ఇంట్లనే ఉంది. ఆయన పోయి ఆరేండ్లు. ఆర్సీ ఇంకా బాపు పేరు మీదనే, గడువు కూడా ఎప్పుడో అయిపోయింది. పదిహేనేండ్లు దాటిన బండ్లు తుక్కుకు ఇయ్యాల్సిందే అంటున్నరు. నిజమేనా? బండిని నా పేరు మీదికి మార్చుకోవచ్చా?
— వరంగల్

నిజం కాదు. పది, పదిహేనేళ్ల లెక్కలు ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి కోర్టులూ, హరిత ట్రిబ్యునలూ పెట్టిన ఆంక్షలు. మన దగ్గర సొంత కారుకు పదిహేనేళ్ల తర్వాత ఎప్పటికప్పుడు ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవచ్చు. తనిఖీలో బండి పాసవ్వాలి, గ్రీన్ టాక్స్ కట్టాలి. ఫీజు మాత్రం బాగా పెంచారు. ఇరవయ్యేళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టులో కేంద్రం దాన్ని 10,000 రూపాయలు చేసింది. ఆలస్యానికి జరిమానా వేరే.

మీ విషయంలో వరస ముఖ్యం. ముందు పేరు మార్పు, తర్వాత రెన్యువల్. యజమాని చనిపోయినప్పుడు వాడేది ఫారం 31. దాంతోపాటు మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మీ అక్కచెల్లెళ్లు అన్నదమ్ములు “మాకు అభ్యంతరం లేదు” అని రాసిచ్చే అఫిడవిట్లు కావాలి. చట్ట ప్రకారం యజమాని పోయిన 30 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలియజేయాలి, ఆయన పేరు మీదే మూడు నెలల వరకు బండి వాడుకోవచ్చు. మీకు ఆరేళ్లయింది కాబట్టి జరిమానా పడొచ్చు, పని మాత్రం ఆగదు. అది అయ్యాక ఫారం 25తో రెన్యువల్‌కు పెట్టండి.

అసలు చిక్కు ఇంకోచోట రావచ్చు. 1983 నాటి మీ సి-బుక్కు చేత్తో రాసినది. ఆ వివరాలు కంప్యూటర్లోకి ఎక్కి ఉండకపోవచ్చు. ముందే ఆన్‌లైన్‌లో మీ నంబరు కొట్టి చూడండి. రాకపోతే అసలు పుస్తకం తీసుకెళ్లి పాత రికార్డు ఎక్కించమని అర్జీ పెట్టాలి, దాన్నే బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటారు. ఈ ఒక్క పని దగ్గరే జనం విసిగిపోయి బండ్లు తుక్కుకు అమ్ముకుంటున్నారు. విసుగు పడకండి, ఓపిగ్గా తిరిగితే అయ్యేదే.

ఆఫీసుకు వెళ్లేముందు పుస్తకంలో ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం ఏమని రాసి ఉన్నాయో చూసి బండి మీదున్న నంబర్లతో పోల్చండి. ఒకప్పుడు పెట్రోలు ఖర్చు భరించలేక చాలామంది అంబాసిడర్లలో డీజిల్ ఇంజన్లు వేయించారు, పుస్తకంలో ఎక్కించలేదు. మీ బాపు కూడా అదే చేసి ఉంటే తనిఖీ రోజున బయటపడే కంటే ముందే తెలియడం మేలు. ఛాసిస్ నంబరు తుప్పులో కనబడకపోతే కిరోసిన్ ముంచిన గుడ్డతో తుడవండి. గ్రైండర్ మాత్రం పెట్టనివ్వకండి, చెరిగిన నంబరు ఉన్న బండిని ఎవరూ పాస్ చేయరు.

1942 నాటి ఒరిజినల్ మిలిటరీ జీపు అని ఒకాయన అమ్ముతున్నారు. నమ్మొచ్చా?
— అనంతపురం

అనుమానంతోనే వెళ్లండి. రెండో ప్రపంచయుద్ధం నాటి విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ జీపులు డిస్పోజల్‌లో మన దేశంలో చాలానే అమ్ముడయ్యాయి. అయితే 1949 నుంచి మహీంద్రా వారు ఇక్కడే విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. ఆ తర్వాతి బండ్ల మీద పాత ముఖం తొడిగి ‘వార్ జీప్’ అని అమ్మడం ఎప్పటినుంచో ఉన్నదే. ముందు గ్రిల్లులో నిలువు సందులు లెక్కపెట్టండి. యుద్ధకాలపు రేకు గ్రిల్లుకు తొమ్మిది, తర్వాతి పౌర జీపుకు ఏడు. గ్రిల్లు మార్చడం తేలిక కాబట్టి అక్కడితో ఆగకుండా కిందకు వంగి ముందు బంపరు వెనక, రేడియేటర్ కింద అడ్డంగా ఉన్న ఛాసిస్ కమ్మీ చూడండి. గుండ్రటి గొట్టమైతే విల్లీస్, తిరగేసిన ‘యు’ ఆకారంలో ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ బండిలో బోల్టుల తలల మీద కూడా ‘ఎఫ్’ అచ్చు ఉంటుంది. ఇవి సరిపోయి కాగితం సరిపోకపోతే అది ఎంత ఒరిజినలైనా మీకొద్దు.

మా తాతగారి 1962 ఫియట్ 1100 ఉంది. పాత మూడక్షరాల నంబరు. దీన్ని ‘వింటేజ్’ కింద రిజిస్టర్ చేయించాలా? చేయిస్తే పాత నంబరు పోతుందా?
— విజయవాడ

పోదు, కంగారు పడకండి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలోనే ఉన్న బండికి వింటేజ్ హోదా ఇస్తారు. కొత్తగా రిజిస్టరయ్యే బండికి రాష్ట్రం కోడ్ పక్కన ‘వీఏ’ అన్న అక్షరాలతో నంబరు వస్తుంది. ఇప్పటికే రిజిస్టరై ఉన్న బండి తన పాత నంబరునే ఉంచుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000, మళ్లీ చేయించడానికి 5,000 రూపాయలు. పదేళ్లు చెల్లుతుంది.

చేయించాలా అన్నదే అసలు ప్రశ్న. వింటేజ్ హోదా తీసుకున్న బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతులు, అంతే. ఆదివారం పొద్దున ఇంటిల్లిపాదీ ఎక్కి మంగళగిరి వెళ్లి పానకాలస్వామిని చూసి రావాలంటే నిబంధన ఒప్పుకోదు. మామూలు రిజిస్ట్రేషన్ బతికి ఉంటే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ నడుపుకోవడమే నా సలహా. కాగితం పూర్తిగా చచ్చిపోయిన బండికీ, విదేశం నుంచి తెప్పించిన బండికీ ఈ దారి పనికొస్తుంది.

ఇన్సూరెన్స్ సంగతి మీరు అడగలేదు గానీ చెప్తాను. ఐదేళ్లు దాటిన బండి విలువను మీరూ కంపెనీ మాట్లాడుకుని నిర్ణయించుకోవచ్చు. ఏజెంటు తోచిన చిన్న అంకె వేసి ఇస్తే తీసుకోవద్దు. ఫొటోలు, చేయించిన పనుల బిల్లులు చూపించి విలువ రాయించుకోండి.

నాది 1984 పద్మిని. ఈమధ్య ఎండలో పది కిలోమీటర్లు వెళ్లేసరికి ఆగిపోతోంది, అరగంట ఆగితే మళ్లీ స్టార్టవుతోంది. పెట్రోలు వాసన కూడా వస్తోంది. ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లేనంటున్నారు. అంతేనా?
— భీమవరం

ముందు ఆ వాసన సంగతి. ఈ సమాధానం పూర్తిగా చదివేలోపు బండి తీయకండి. వేడి ఇంజన్ పక్కన పెట్రోలు కారడమంటే మంటకు అడుగు దూరం. పెట్రోలు పంపు నుంచి కార్బొరేటర్‌కు వెళ్లే నల్ల రబ్బరు గొట్టాన్ని వేళ్లతో వంచి చూడండి. పైన నెరలు కనిపించినా, మెత్తగా జిగురుగా తగిలినా అదే దొంగ.

అవును, ఇథనాల్ పాత్ర ఉంది. 2025కల్లా బంకుల్లో నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ ఉన్న ఈ20 పెట్రోలే మామూలైపోయింది. మీ బండి తయారైన నాడు ఆ ఊసే లేదు. ఇథనాల్ మూడు రకాలుగా పాత బండికి ఇబ్బంది. పాత రకం రబ్బరును, పంపులోని డయాఫ్రమ్‌నూ ఉబ్బించి పాడుచేస్తుంది. గాల్లోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి వాడని బండిలో ట్యాంకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. మూడోది కంటికి కనబడదు. ఇథనాల్ మండడానికి పెట్రోలు కంటే తక్కువ గాలి చాలు. కార్బొరేటర్‌కు ఆ సంగతి తెలియదు కాబట్టి ఎప్పటి గాలే కలుపుతుంది. దాంతో ఇంజన్‌కు పల్చటి మిశ్రమం అంది వేడెక్కుతుంది. కొత్త కార్లలో కంప్యూటర్ సర్దుకుంటుంది, మన బండిలో మనమే సర్దుకోవాలి.

ఆగిపోయి, అరగంటకు లేవడం వేపర్ లాక్ లక్షణం. గొట్టంలోనో పంపులోనో పెట్రోలు ఆవిరై బుడగ కడుతుంది, పంపు ఆ బుడగను తోయలేదు. పాత డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసేవారు గుర్తుందా, ఇందుకే. ఈ20 తేలిగ్గా ఆవిరవుతుంది కాబట్టి ఈ జబ్బు ఎక్కువైంది. అయితే నెపమంతా పెట్రోలు మీదే నెట్టకండి. మీ రేడియేటర్ ఎప్పుడు రాడ్డింగ్ చేయించారు? థర్మోస్టాట్ ఉందా, లేక ఏ మేస్త్రీయో ‘వేడెక్కుతోంది’ అని తీసి పారేశాడా? ఇగ్నిషన్ కాయిల్ వేడికి చచ్చిపోయినా ఇవే లక్షణాలు. బండి ఆగినప్పుడు ప్లగ్ వైరు తీసి స్పార్క్ చూడాలి, అది కూడా గొట్టం మార్చి వాసన పోయాకే, పెట్రోలు చెమ్మ లేదని చూసుకున్నాకే. స్పార్క్ ఉంటే పెట్రోలు సమస్య, లేకపోతే కాయిలో కండెన్సరో.

చేయించాల్సిన పని: ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా రబ్బరు గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చండి. ఇంజెక్షన్ కార్లకు వాడే గొట్టం అడగండి, కాస్త ఖరీదెక్కువ. పంపు డయాఫ్రమ్, కార్బొరేటర్ కిట్టు కొత్తవి. మధ్యలో ఒక పారదర్శకమైన ఫిల్టరు పెట్టించండి. ఇథనాల్ ట్యాంకులోని ఏళ్లనాటి మడ్డిని కదిలిస్తుంది కాబట్టి మొదట్లో అది రెండు మూడుసార్లు నిండిపోతుంది. ఆ తర్వాత ఒక పొడుగు ప్రయాణం చేసి ప్లగ్గులు విప్పి చూడండి. కొస బిస్కట్ రంగులో ఉంటే సరే. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి.

ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు హెడ్ విప్పుతారు. అప్పుడు ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయించండి. మన దేశంలో 2000 ఫిబ్రవరి దాకా సీసం కలిపిన పెట్రోలు ఉండేది, ఆ సీసం వాల్వు సీటుకు రక్షణ. సీసం పోయాక పాత ఇనప హెడ్డుల్లో సీట్లు అరిగి వాల్వు లోపలికి దిగిపోతుంది, క్లియరెన్స్ మాటిమాటికీ తప్పుతుంది. పద్మినికి హెడ్ అల్యూమినియం కాబట్టి సీట్లు విడిగానే ఉంటాయి, మంచి రకంతో మార్చడం సులువు.

సీటు కింద ఒక చిన్న మంటలార్పే సిలిండర్ పెట్టుకోండి. వాసన ఇంకా వస్తుంటే ఈ ఉత్తరం పట్టుకుని నడిచే వెళ్లండి మేస్త్రీ దగ్గరికి.

నా పాత అంబాసిడర్‌కు కొత్త కారు ఇంజన్, పవర్ స్టీరింగ్, వెడల్పు టైర్లు వేయిస్తే ఎలా ఉంటుంది?
— తిరుపతి

కొత్త కారులా ఉంటుంది. అది కావాలంటే కొత్త కారే కొనుక్కోండి, చవక. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ నుంచి ఇష్టమొచ్చినట్టు మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. డైనమో తీసి ఆల్టర్నేటర్, రాత్రిపూట కనబడేలా మంచి హెడ్‌లైట్ బల్బులు, సీటు బెల్టులు వేయించుకుంటే నేనూ సరేనంటాను. తీసిన డైనమోను అమ్మేయొద్దు, అట్టపెట్టెలో పెట్టి అటక మీద దాచండి.

మా మామయ్య 1985 మారుతి 800 నాకిచ్చారు. ఇది క్లాసిక్ అంటే స్నేహితులు నవ్వుతున్నారు. మీరేమంటారు?
— ఇంజనీరింగ్ విద్యార్థి, కరీంనగర్

నవ్వనివ్వండి. మీ దగ్గరున్నది 1986లో రూపం మారకముందు వచ్చిన ఎస్ఎస్80. సుజుకి జపాన్‌లో అమ్మిన ఫ్రంటే దాని మూలం. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ తొలి కారు తాళాలు హర్పాల్ సింగ్‌కు అందించారు. ఆ కారు ఆయన తర్వాత ఏళ్ల తరబడి పాడుబడి ఉంటే, తర్వాత బాగుచేసి కంపెనీ ఆఫీసులో ప్రదర్శనకు పెట్టారు. 796 సీసీ, మూడు సిలిండర్లు. తాళం తిప్పగానే స్టార్టయ్యే కారు అంటే ఆ రోజుల్లో అంబాసిడర్ యజమానులు నమ్మలేదు.

రోల్స్‌రాయిస్‌లను ఎవరూ పారేయరు. నిజాం కోసం తయారైన పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్ శతాబ్దం దాటినా చౌమహల్లా ప్యాలెస్‌లో భద్రంగా ఉంది. మారుతిని మాత్రం అందరూ వాడి వాడి తుక్కుకు వేశారు. అందుకే మొదటి రెండుమూడేళ్ల ఎస్ఎస్80లు ఇవాళ వెతికినా దొరకవు.

జాగ్రత్త ఒక్కటే. ఇంజన్ సామాను ఎక్కడైనా దొరుకుతుంది గానీ బాడీ సామాను దొరకదు. ‘మారుతికి పార్టులకేం కొదవ’ అని మెకానిక్ అంటాడు, 1986 తర్వాతి హెడ్‌లైట్లూ బంపరూ అద్దాలూ తెచ్చి బిగించబోతాడు. అవి మీ బండివి కావు. పాత బంపరు వంగితే కొట్టించి సరిచేయించండి, మార్చనివ్వకండి. కాలేజీకి రోజూ వేసుకెళ్తానంటే వద్దనను, నడిచే బండే బాగుంటుంది. హాస్టల్ ముందు ఎండలో మాత్రం నిలపకండి, డ్యాష్‌బోర్డు పగుళ్లిస్తే ఇంకోటి లేదు.

నాన్నగారి 1984 అంబాసిడర్‌ను డాలస్ తెచ్చుకోవాలనుంది. అమెరికాలో రిజిస్టర్ అవుతుందా?
— డాలస్, టెక్సస్

అవుతుంది. తయారై 25 ఏళ్లు దాటిన బండికి అమెరికా భద్రతా ప్రమాణాలు వర్తించవు, 21 ఏళ్లు దాటి ఇంజన్ అసలుదే ఉంటే పర్యావరణ సంస్థ నిబంధనలూ అడ్డు రావు. స్టీరింగ్ కుడివైపు ఉన్నా ఫర్వాలేదు. తయారైన నెల, సంవత్సరం రుజువు చేసే కాగితం గట్టిగా పట్టుకోండి, అక్కడి కస్టమ్స్ అడిగేది అదే. ఇక్కడ రవాణా ఆఫీసులో ఎన్ఓసీ తీసుకుని ఎగుమతి కాగితాలు చేయించాలి. 1950కు ముందు బండ్లను దేశం దాటించడం మీద ఆంక్షలున్నాయి, మీ బండికి ఆ గొడవ లేదు. కంటెయినర్ ఎక్కించేముందు అడుగుభాగం ఆవిరితో కడిగించండి. చక్రాల వంపుల్లో మన ఊరి మట్టి కనబడితే అక్కడి వ్యవసాయశాఖ తనిఖీలో ఆగిపోతుంది. కాలిఫోర్నియా వెళ్లే ఆలోచన ఉంటే మాత్రం ముందే కనుక్కోండి, అక్కడి పొగ నిబంధనలు వేరు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఫ్రీవే ఒక ఎత్తు. 1984 అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. 75 మైళ్ల వేగంతో ట్రక్కులు పోయే చోట దాన్ని దించడం సాహసం కాదు, తప్పు. పక్క రోడ్ల మీద, ఉగాది వేడుకలకు, పిల్లలకు తాతగారి బండి చూపించడానికైతే నిక్షేపంగా తెచ్చుకోండి. బ్రేకు సిలిండర్ కిట్లు, క్లచ్ ప్లేటు, వాటర్ పంపు, ముందు అద్దం రబ్బరు ఇక్కడే కొని డిక్కీలో వేసి పంపించుకోండి.

మా ఆయనకు స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. ప్రతి ఆదివారం పోర్టికోలోనే స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలుంచి ఆపేస్తారు. పొగంతా వంటింట్లోకి. “ఇలా చేయకపోతే ఇంజన్ పాడైపోతుంది” అంటారు. బయటికి తీయమంటే గీతలు పడతాయంటారు. ఇది అవసరమేనా?
— గృహిణి, నెల్లూరు

అమ్మా, మీ ఆయన బండిని కాపాడుతున్నాననుకుని దాన్ని చంపుతున్నారు. ఈ సమాధానం ఆయనకు చదివి వినిపించండి.

చల్లటి ఇంజన్‌ను ఐదు నిమిషాలు నడిపితే పెట్రోలు మండగా వచ్చిన నీటి ఆవిరి బయటికి పోయేంత వేడి పుట్టదు. ఆ తడి సైలెన్సర్‌లోనూ ఆయిల్లోనూ నిలిచిపోయి తుప్పు పట్టిస్తుంది. చోక్ లాగి ఉంచితే మిగులు పెట్రోలు గోడల వెంట జారి ఆయిల్‌ను పల్చన చేస్తుంది. ఐడ్లింగ్‌లో డైనమో దాదాపు చార్జి ఇవ్వదు, సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ బ్యాటరీ ఖర్చయిందే తప్ప నిండింది లేదు. ఇక పొగ సంగతి: అందులో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. కిటికీలు మూసిన ఇంట్లోకి రావడం ప్రమాదం. ఇవాళే ఆపించండి.

రెండు వారాలకోసారి బయటికి తీసి, ఇంజన్ పూర్తిగా వేడెక్కేలా ఓ ఇరవై ముప్పై కిలోమీటర్లు నడపాలి. అది కుదరదంటే అసలు స్టార్టే చేయకుండా బ్యాటరీ వైరు విప్పి ఉంచడం ఈ ఐదు నిమిషాల పూజ కంటే వెయ్యి రెట్లు నయం. ప్లాస్టిక్ కవరు కప్పుంటే తీసేసి నూలుది వేయమనండి, ప్లాస్టిక్ కింద తేమ ఆరదు. బ్రేకు ఆయిల్ కూడా తేమ పీల్చేదే, రెండేళ్లకోసారి మార్చాలి. టైర్ల పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. పువ్వులు అరగలేదని పదేళ్లనాటి టైర్ల మీద వెళ్లకూడదు. నెలకోసారి బానెట్ తెరిచి ఎలుకల గూడు ఉందేమో చూడాలి. హెరాల్డ్‌కు ఆ పని సుఖం. ముందు రెక్కలతో సహా ముక్కంతా ముందుకు తెరుచుకుంటుంది, టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. మద్రాసులో తయారైన బండ్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే, దీనికి విడి ఛాసిస్ ఉంది కాబట్టి తుప్పు వేట కూడా కిందనుంచే మొదలుపెట్టమనండి.

గీతల భయానికి మందు లేదు. పడ్డ గీతను రుద్దించొచ్చు, తుప్పును రుద్దించలేరు. వచ్చే ఆదివారం మీరూ ఎక్కండి. మైపాడు వైపు వద్దు, సముద్రపు గాలికి ఉప్పు పడుతుంది. జొన్నవాడ కామాక్షమ్మ గుడి దాకా వెళ్లి, బుచ్చిరెడ్డిపాళెం మీదుగా తిరిగి వస్తే ఇంజన్‌కు కావలసిన వేడి చక్కగా ఎక్కుతుంది. ఇంటికొచ్చాక రోజుల తరబడి హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంచొద్దనండి, బ్రేకు షూలు డ్రమ్ములకు అతుక్కుపోతాయి. గేరులో పెట్టి చక్రం కింద ఇటుక పెడితే చాలు.